మొదటి ముక్క

“చెయ్యి తియ్యి, వీడియోల పడ్తాంది.”

ఈ అయిదేళ్ళలో మా ఆయన రాజేష్ నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే అయి ఉంటుంది. శనివారం సాయంత్రం మేక తొడలకు అల్లం, కారం పట్టిస్తుంటే మళ్ళీ అన్నాడు. తీశాను. నేను అప్పటికే రుద్దిన తొడ మీద తన చెయ్యి పెట్టి ఇంకో రెండుసార్లు రుద్ది, ఫోను వంక చూసి నవ్వి, “ఫ్రెండ్స్, మసాలా గిట్ల లోపల్దాకా పోవాలె. గిదే నా సీక్రెట్” అన్నాడు. అంతే, చేతులు కడుక్కోవడానికి లేచాడు. మిగిలిన అయిదు తొడలకూ, నాలుగు నాటుకోళ్ళకూ నేనే పట్టించాను. కారం గోళ్ళలోకి వెళ్ళి ఒకటే మంట. ఫోను పట్టుకున్న మా అమ్మాయి హర్షితకు పన్నెండేళ్ళు. “అమ్మా, నీ చేతులు కూడా తియ్యనా?” అని మెల్లగా అడిగింది. “వద్దులే, నాన్న కోప్పడతడు” అన్నాను. అన్న తర్వాత చాలాసేపు ఆ మాట నాకే నచ్చలేదు.

పాల్వంచ థర్మల్ కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. వెనక పెరట్లో ఒక జామచెట్టు, దాని పక్కన ఆయన డ్రమ్ము. పాత ఆయిల్ డ్రమ్మును నిలువునా కోయించి, లోపల ఇనప జాలీ పెట్టించి, మూతకు పొగగొట్టం తగిలించి, జానీ అనే వెల్డరు దోస్తు చేత చేయించుకున్నాడు. ఆదివారాలు అందులో మాంసాన్ని పొగలో కాల్చడం, దోస్తులను పిలవడం, వీడియోలు పెట్టడం. కోల్ ప్లాంటులో షిఫ్టులు చేసి వచ్చే మనిషికి ఒక సరదా ఉంటే తప్పేమిటని మొదట్లో నేనే అనుకున్నాను. సరదా ఆయనదీ చాకిరీ నాదీ అని తెలియడానికి రెండు ఆదివారాలు కూడా పట్టలేదు. తెల్లారకముందే లేచి నిప్పు రాజేయాలి. నాలుగైదు గంటలు పొగ తగ్గకుండా, మంట లేవకుండా కాచుకోవాలి. జాలీకి పట్టిన కొవ్వును బూడిద వేసి కొబ్బరి పీచుతో రుద్దాలి. ఆయన సరిగ్గా జనం వచ్చే వేళకు తలస్నానం చేసి, నల్ల ఏప్రాన్ కట్టుకుని వచ్చి మూత ఎత్తుతాడు. పొగ గుప్పున లేస్తుంది. అందరూ ఆహా అంటారు. ఆ ఆహా దగ్గర నేను ఎప్పుడూ లేను, వంటింట్లో ఉల్లిపాయలు కోస్తుంటాను.

నవ్వు వచ్చే సంగతి ఏమిటంటే, ఈ ఇంట్లో పొగను మొదట అసహ్యించుకున్నది ఈయనా, వాళ్ళమ్మే. మాది దమ్మపేట అవతల అడివి అంచున ఊరు. మా అమ్మ నాగక్క వానాకాలం వస్తే పొయ్యి మీద ఎత్తుగా వెదురు తడిక కట్టి, మాంసాన్ని సన్నగా చీల్చి దాని మీద పరిచి, మూడు రోజులు పొగ పెట్టేది. పెళ్ళయి కాపురానికి వచ్చిన రోజు మా అత్తమ్మ సోమమ్మ నా జుట్టు వాసన చూసి, ఇంటి నిండా చుట్టాలు ఉండగా, “నెత్తి నిండ పొగ కంపే. ఎవరన్న ఈ పిల్లకు కుంకుడుకాయ పెట్టి రుద్దుండ్రి” అంది. అమ్మ గుడ్డలో మూటకట్టి ఇచ్చిన పొగ మాంసాన్ని రాజేష్ విప్పి చూసి, “ఈ ఎండు తోళ్ళు ఎవడు తింటడు” అని తీసుకెళ్ళి ప్రహరీ అవతల పడేశాడు. పదేళ్ళ తర్వాత భద్రాచలం రోడ్డులో ఏదో రిసార్టులో ఆఫీసరు ఒకాయన పొగలో కాల్చిన మాంసం తిని మెచ్చుకున్నాడట. ఆ రాత్రి రాజేష్ ఇంటికి వచ్చి, “మీ అమ్మ చేస్తుండె గదా, గా పొగ ముచ్చట, ఎట్ల చేస్తరే” అని అడిగాడు. నేను వెర్రిదాన్ని, ఎంత సంబరపడి చెప్పానో. ఏ కర్ర నిప్పు పట్టి ఉంచుతుంది, ఏ కర్ర కమ్మటి పొగ ఇస్తుంది, మొక్కజొన్న బెండ్లు ఎప్పుడు వేయాలి, అన్నీ చెప్పాను. వారం తిరగకుండా డ్రమ్ము వచ్చింది. దానితోపాటు ‘నా సీక్రెట్’ కూడా వచ్చింది.

చెప్పనిది ఒక్కటే ఉండిపోయింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పొగ దగ్గర ఎవరు కూర్చుంటే మొదటి ముక్క వాళ్ళది. ఊరి పెద్దలు వచ్చినా, అల్లుళ్ళు వచ్చినా, ఆ ముక్క వాళ్ళు తిన్నాకే మిగతావాళ్ళకు. నాన్న కూడా అమ్మ నోట్లో ముక్క పడేదాకా విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేనది అమ్మకు చేసే మర్యాద అనుకునేదాన్ని. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి, అమ్మ నీళ్ళకు వెళ్ళిన సమయంలో మా బాబాయి పగిడయ్య, మంట ఆరిపోతోందని చేతికి అందిన కర్రలు పొయ్యిలో తోశాడు. అందులో ముష్టి కర్ర ఉంది. అది విషపు చెట్టు. మూడో రోజు అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. బయటికి వెళ్ళి ఉమ్మేసింది. లోపలికి వచ్చి తడిక మొత్తం కిందికి దించేసింది. ఆ వానాకాలానికి అదే మొదటి మాంసం. పిల్లలం ఏడుపు మొహాలు పెట్టాం. ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. నాన్న గడ్డపార తీసుకుని వెళ్ళి గొయ్యి తవ్వాడు. ఆ రోజు అర్థమైంది, అది మర్యాద ఒక్కటే కాదు. పొగలో ఏం కలిసిందో ముందు తెలిసేది అక్కడ కూర్చున్న మనిషికి. ఆ మనిషి వద్దంటే ఇంకెవరూ తినరు. మా అమ్మకు సంతకం పెట్టడం రాదు గానీ, ఆ ఒక్క మాట మీద మాత్రం మా ఇంట్లో ఎవరికీ ఎదురుమాట లేదు.

ఇక్కడ నా భోజనం అందరి తర్వాత. జాలీకి అంటుకున్న మాడు ముక్కలు, మెడలు, రెక్కల కొసలు. ఒక ఆదివారం ఆయన దోస్తు భార్య, “మీరు తినరా అక్కా” అంటే, రాజేష్ అందుకుని, “ఆమెకు పొగ మొకం మొత్తింది లే” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, అదే నాకు ఇప్పటికీ మంట.

ఈ ఆదివారం సంగతి వేరు. కోల్ ప్లాంటుకు కొత్తగా వచ్చిన డీఈ, అంటే డివిజనల్ ఇంజనీరు, శ్రీనివాస్ గారిని, ఆయన కుటుంబాన్ని, ఇంకో మూడు కుటుంబాలను రాజేష్ భోజనానికి పిలిచాడు. సారుకు నచ్చితే షిఫ్టులు తప్పి జనరల్ డ్యూటీలో పడతానని ఆశ. పిలిచిన రోజు పల్స్ పోలియో ఆదివారం. నేను బస్తీలో అంగన్‌వాడీ టీచర్ని. పోలియో రోజు పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా చుక్కలు వేసే బూతు దగ్గర ఉండాలి.

“ఒక్కరోజు సెలవు పెట్టు” అన్నాడు.

“పోలియో నాడు సెలవు ఇయ్యరు.”

“చుక్కలు ఎవరేసినా పడ్తయ్. ఆయా ఉన్నది గదా, ఆమె వేస్తది. ఆ కొలువుకు నువ్వు లేకపోతే ఏం ఆగిపోతది?”

నాకు వచ్చే జీతాన్ని ఆయన ‘నీ చాక్లెట్ పైసలు’ అంటాడు. అవే హర్షిత ఫీజు కడతాయి. ఆ మాట ఎప్పుడూ నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఈసారి మాత్రం ఆగింది నా మాట ఒక్కటే, నేను ఆగలేదు. “నేను పోవాలె. పొయ్యి నువ్వు చూసుకో” అన్నాను. “నువ్వు లేకపోతే నాకు రాదనుకుంటున్నవా ఏంది? ఇన్ని వీడియోలు చేసినోన్ని” అన్నాడు. నిజంగానే ఆయన అలా అనుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది. అయిదేళ్ళుగా తన వీడియోలు తానే చూసుకుని నమ్మేశాడు.

ఆదివారం అయిదింటికి లేచి చింత మొద్దులు పేర్చి రాజేశాను. మంట చచ్చి ఎర్రటి నిప్పులు అయ్యేదాకా కూర్చుని, మాంసం జాలీ మీద సర్ది, మూత పెట్టాను. పక్కనే కోసిన జామ కొమ్మలు ఒక కట్ట, నీళ్ళు చల్లిన మొక్కజొన్న బెండ్లు ఒక తట్ట పెట్టాను. మంచం మీదున్న ఆయన్ను లేపి రెండుసార్లు చెప్పాను. “అరగంటకోసారి గుప్పెడు బెండ్లు వెయ్యి. నిప్పు తగ్గితే చింత మొద్దు పెట్టు. మూత మాటిమాటికి తియ్యకు.” “అవ్, అవ్” అంటూ అటు తిరిగి పడుకున్నాడు. ఆరున్నరకు హర్షితను లేపి పొగ వైపు ఓ కన్నేసి ఉంచమని చెప్పి బయల్దేరాను.

బూతు దగ్గర మధ్యాహ్నం దాకా తల ఎత్తే తీరిక లేదు. ఒక్కో పిల్ల నోట్లో రెండేసి చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలికి సిరా. నా వేళ్ళకు కూడా అంటుకుని ఊదారంగు అయ్యాయి. పిల్లను ఎత్తుకొచ్చిన ఒక తల్లి, “ఇది మంచిదేనా టీచరమ్మా, ఏం కాదు గదా” అని అడిగితే, “నేను ఉన్న గదా, ఏం కాదు” అన్నాను. ఆమె వెంటనే పిల్ల గడ్డం పట్టి నోరు తెరిపించింది. నా మాట మీద పొద్దుటినుంచి ఎంతమంది అలా నోళ్ళు తెరిపించారో అప్పుడు ఆలోచించలేదు. ఒంటిగంటకు ఆయా ముత్యాలును కూర్చోబెట్టి, గంటలో వస్తానని చెప్పి, రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఇంటి దారి పట్టాను. వడ్డించి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

వీధి మొదట్లోనే ముక్కుకు తగిలింది. జామ కొమ్మ పొగ కాదు, చింత నిప్పు వాసన కాదు. గొంతులో గీరే ఘాటు. ఆ వాసన ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ వంటలో కాదు. నా నడక దానంతట అదే వేగమైంది.

పెరట్లో డ్రమ్ము గొట్టం నుంచి పసుపు కలిసిన నల్లటి పొగ వస్తోంది. రాజేష్ లుంగీలో, చెమటతో, మొహానికి మసితో నిలబడి ఉన్నాడు. మూత ఎత్తి చూశాను. ఎర్రగా, తేనె రంగులో ఉండాల్సిన తొడలు నల్లగా, జిడ్డుగా, తారు పూసినట్టు మెరుస్తున్నాయి. కింద నిప్పుల్లో నల్లటి గడ్డలు సగం కాలి పొగ కక్కుతున్నాయి. బాత్రూం వెనక మూలన ఉండే గోనెసంచి మూతి విప్పి ఉంది. మా మామగారు బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసిన కాలం నాటి బొగ్గు అది. చలికాలం వేన్నీళ్ళకు అత్తమ్మ అప్పుడప్పుడు వాడుతుంది.

“బాయి బొగ్గు వేసినవా?” అన్నాను.

“ఏం జేయమంటవ్. మూత తీసి వీడియో తీసేసరికి నిప్పు తగ్గిపోయింది. నీ చింత మొద్దు అంటుకోలే. పన్నెండు అయింది, ముక్క ఇంకా పచ్చిగనే ఉన్నది. జల్దీ కావాలని రెండు తట్టలు వేసిన. మస్తు సెగ వచ్చింది, చూడు ఎట్ల ఉడికిందో.”

“ఇది తినేది కాదు. తారంతా పట్టుకున్నది.”

“ఏం పట్టదు. మా ఇంట్ల నలభై ఏండ్లు బాయి బొగ్గు మీదనే వండుకున్నం. సచ్చినమా?”

లోపలి గదిలోంచి అత్తమ్మ దగ్గు వినిపించింది. ఒకసారి మొదలైతే పావుగంట ఆగని దగ్గు. రాజేష్‌కు అది పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడు, అందుకే వినపడదు. “మీరు గిన్నె పెట్టి వండుకున్నరు. అది గూడ బయట రాజేసి, పొగంతా పోయినంక లోపలికి తెచ్చుకునేటోళ్ళమని అత్తమ్మనే చెప్పింది. ఇది ఆ పొగలోనే కాలింది” అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. ముందు గదిలో అప్పటికే జనం మాటలు వినిపిస్తున్నాయి. “చూడు యశోదా. సారు వచ్చి కూసున్నడు. పైపైన చెక్కి తీసెయ్. నిమ్మకాయలు పిండు, గరం మసాల దట్టంగ చల్లు. నీ చేతిల పనే గదా. ఎవరికి తెలుస్తది?”

“పిల్లలున్నరు.”

“మన పిల్ల గూడ తింటది గదా. నేను తింట. నాకు లేని బాధ నీకెందుకు?” అని ఆగి, ఇంకా మెల్లగా అన్నాడు. “ఇయ్యాల నా పరువు తియ్యకు. నువ్వు ఇంట్ల ఉండి ఉంటే ఇది అయ్యేది కాదు.”

చివరికి అక్కడికి వచ్చి ఆగింది. బొగ్గు వేసింది ఆయన, తప్పు నేను బూతుకు వెళ్ళడం. ఇలాంటి లెక్క విని విని నా చెవులు కాయలు కాశాయి. అయినా ఆ మాటకు నా చేతులు అలవాటుగా కత్తి కోసం వెతికాయి. చెక్కడం, పిండడం, ఉల్లిపాయల్లో వేయించి ఘాటు చంపడం, ఇవన్నీ చేయగలను. అయిదేళ్ళలో ఆయన మాడ్చినవి, ఉప్పు ఎక్కువ వేసినవి, పచ్చిగా దించినవి ఎన్నిటిని సరిచేసి పంపలేదు. సరిచేసిన ప్రతిసారీ ఆయనకు ఇంకో వందమంది చూసేవాళ్ళు పెరిగారు. కత్తి దొరికింది కూడా. ఒక తొడ మీద పెట్టి గీశాను. నల్లదనం పైపైన లేదు. ఎముక దాకా గీతలు పెట్టి మసాలా కూరింది నేనే కదా, ఆ గీతలన్నిటిలోంచి పొగ లోపలికి దిగిపోయింది. కత్తి కింద పెట్టి, “నేను చెయ్యను” అన్నాను.

“చెయ్యకు. వడ్డించు చాలు” అని పెద్ద పళ్ళెంలో తనే ముక్కలు పేర్చుకుని, రెండు చెంబుల నీళ్ళు మొహాన కొట్టుకుని, ఏప్రాన్ కట్టుకున్నాడు. పళ్ళెం నా చేతుల్లో పెట్టి ముందు నడిచాడు.

ముందు వాకిట్లో టెంటు గుడ్డ కింద చాపలు పరిచి ఉన్నాయి. డీఈ గారు, ఆయన భార్య హేమలత, మిగతా కుటుంబాలు, ఒక వరసలో అరడజను మంది పిల్లలు. ఆ వరస చివర అత్తమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె పక్కనే కూర్చున్న హర్షిత ముందు ఖాళీ పళ్ళెం ఉంది, చేతిలో నాన్న ఫోను. అందరూ తినేది వీడియో తీయమని ఆయన ముందే చెప్పాడు. ఇద్దరు చిన్న పిల్లల చిటికెన వేళ్ళకు సిరా ఉంది. పొద్దున ఏదో బూతులో వేయించుకుని వచ్చినట్టున్నారు.

“ఏమయ్యా, వాసన ఘాటుగ ఉన్నదే” అన్నారు డీఈ గారు.

“ఊరికెనే రాదు సార్. పొద్దున అయిదింటికెల్లి పొగ కాడనే కూసున్న” అన్నాడు రాజేష్, తన పళ్ళెం ముందు కూర్చుంటూ.

అయిదింటికి మంచం మీద అటు తిరిగి పడుకున్న వీపు నాకు కళ్ళముందు కనిపించింది. చాపల మధ్య నిలబడి ఉన్నాను. పళ్ళెం బరువుకు మణికట్లు లాగుతున్నాయి. వడ్డిస్తే అయిపోతుంది. అరగంటలో తిరిగి బూతు దగ్గర ఉంటాను. ఎవరో ఒకరు ఒక ముక్క తిని పక్కన పెడతారు, మిగతావాళ్ళు మొహమాటానికి నములుతారు, పిల్లలు సాస్ పూసుకుని తినేస్తారు. నాకెందుకు అనుకుంటే నిజంగానే నాకెందుకు. కానీ పొద్దున నా మాట మీద నోరు తెరిచిన పిల్లలు గుర్తుకు వచ్చారు. ఇక్కడ వడ్డించే చెయ్యి నాది. ఈ పిల్లలు నోరు తెరిచేది ఈ చేతి మీద నమ్మకంతోనే కదా.

డీఈ గారి విస్తరి దాటి, పిల్లల వరస దాటి, రాజేష్ ముందుకు వెళ్ళాను. పదిమందిలో ఆయన్ను మీరు అంటాను.

“మా పుట్టింట్ల ఒక పద్ధతి ఉన్నది సార్” అన్నాను డీఈ గారి వైపు తిరిగి. “పొగ కాడ కూసున్నోళ్ళు మొదటి ముక్క తినాలె. వాళ్ళు తిన్నంకనే మిగతావాళ్ళకు వడ్డించేది.” ఒక ముక్క తీసి రాజేష్ పళ్ళెంలో పెట్టాను. “తినండి. పొద్దటికెల్లి మీరే గదా కూసున్నది.”

“భలే ఉన్నదే పద్ధతి” అన్నారు డీఈ గారు. “తిను రాజేష్, హక్కు నీది.”

రాజేష్ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. నా వంక చూశాడు. తింటానన్న మనిషి, నాకు లేని బాధ నీకెందుకన్న మనిషి, ముక్కను పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగాడు. ఆ ఘాటు అంత దగ్గరగా ఆయనకు అప్పుడే తగిలినట్టుంది. మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి, ఒక్క క్షణంలో మొహం నిండా నవ్వు తెచ్చుకున్నాడు.

“నిజం చెప్తున్న సార్, నాదేముంది. మాంసం తెచ్చి కోసింది ఆమె, మసాలా పట్టించింది ఆమె, పొయ్యి రాజేసింది ఆమె. ఈ పొగ పని అసలు వాళ్ళ అమ్మగారిది, నాకు నేర్పింది ఆమెనే. మొదటి ముక్క నాది కాదు సార్, యశోదది.”

ఆడవాళ్ళు అందరూ చప్పట్లు కొట్టారు. “ఎంత మంచోడండీ” అంది హేమలత గారు, “మా వారి నోట ఇటువంటి మాట ఒక్కనాడు రాదు.” రాజేష్ లేచి నా చేతుల్లోంచి పళ్ళెం తీసుకున్నాడు. తన ముక్కను నాకు అందించాడు. “హర్షితా, అమ్మను తియ్యి, అమ్మను. చెయ్యి మంచిగ కనపడాలె” అన్నాడు.

అయిదేళ్ళు ఎదురుచూసిన మాటలు అవి. నేను కలలో కూడా ఇంత వివరంగా ఊహించుకోలేదు. అన్నీ తెలుసన్నమాట ఆయనకు. ఎవరు తెచ్చారో, ఎవరు కోశారో, ఎవరి అమ్మదో. తెలియక కాదు ఇన్నాళ్ళూ చెప్పనిది. ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే ఆ మాటలు అబద్ధపు నోట వచ్చినా ఒక్క క్షణం నా గుండె పొంగింది. ఆ పొంగునే ఆయన నమ్ముకున్నాడు. ఇంత పేరు ఇచ్చాక నేను నోరు మూసుకుని తింటాను, నవ్వుతాను, తర్వాత అందరూ తింటారు. రేపు ఎవరికైనా కడుపు చెడితే వండింది ఎవరో అందరి ముందు చెప్పేశాడు.

ఊదారంగు వేళ్ళతో ముక్క పట్టుకుని కొరికాను. నమిలాను. తారు, గంధకం, దాని వెనక ఎక్కడో నా అల్లం, నా కారం. నాలుక మీద పచ్చి చేదు. అమ్మ ఆ రోజు ఆగినంత సేపు నేను కూడా ఆగాను. వాకిలి మూలకు వెళ్ళి ఉమ్మేసి, పమిట చెంగుతో మూతి తుడుచుకుని వచ్చాను. చప్పట్లు ఆగిపోయాయి.

“మొదటి ముక్క నాదన్నరు గదా” అన్నాను. “నేను తిన్న. ఇది ఎవరూ తినొద్దు. బాయి బొగ్గు పొగ పట్టింది. తినేది కాదు.”

రాజేష్ నవ్వబోయి, “ఆమెకు ఊరికెనే అనుమానం సార్, కొంచెం ఘాటు అంతే, తినండి” అని ముక్క ఒకటి తీసి హర్షిత పళ్ళెంలో పెట్టబోయాడు. అప్పుడు కుర్చీలోంచి అత్తమ్మ ముందుకు వంగి తన ముడతల చెయ్యి హర్షిత పళ్ళెం మీద బోర్లా పెట్టింది. దగ్గు వచ్చింది. దగ్గుతూనే ఉంది, చెయ్యి మాత్రం తీయలేదు. దగ్గు తగ్గాక కొడుకుతో అంది, “ఆ పొగ నాకు ఎరుకే బిడ్డా. నలభై ఏండ్లు మింగిన. పిల్లకు పెట్టకు.”

డీఈ గారు తన ముందున్న విస్తరిని మెల్లగా పక్కకు జరిపారు. హేమలత గారు పిల్లలను దగ్గరికి లాక్కుంది. నేను రాజేష్ చేతిలోని పళ్ళెం తీసుకున్నాను. ఆయన వదల్లేదు, ఒకసారి లాగాను, వదిలాడు. పెరట్లోకి వెళ్ళి జామచెట్టు కింద దాన్ని మొత్తం బోర్లించాను. గొయ్యి తవ్వడానికి ఇక్కడ మా నాన్న లేడు. అత్తమ్మ నా వెనకే వచ్చి, గోడకు ఆనించిన పార తీసుకుని, తవ్వే ఓపిక లేక దాని మీద కాస్త మట్టి లాగింది. నా జుట్టు వాసన చూసి అన్న మాట ఆమెకు గుర్తుందో లేదో తెలియదు. నాకు గుర్తుంది, ఉంటుంది కూడా. అయినా ఆమె చేతిలోంచి పార తీసుకుని మిగతా మట్టి నేను కప్పాను.

చేతులు కడుక్కుని, రిజిస్టరు ఉన్న సంచి భుజానికి తగిలించుకుని చూస్తే, రాజేష్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. బయట ఇంతమంది ఉండగా అరవలేడు కూడా. ఆయన వెనకాల హర్షిత ఫోను పట్టుకుని నిలబడి ఉంది, ఇంకా తీస్తూనే ఉన్నట్టుంది.

“ఇప్పుడు వీళ్ళకేం పెట్టాలె?” అన్నాడు.

ఫ్రిజ్‌లో రెండు డజన్ల గుడ్లు ఉన్నాయి. గిన్నెలో చింతపండు నానబెట్టి ఉంది. పెద్ద గిన్నెడు బగారా అన్నం పొద్దునే వండి, చల్లారకుండా మూత మీద బరువు పెట్టి వెళ్ళాను. ఉల్లిపాయలు కోసి డబ్బాలో ఉన్నాయి. అరగంటలో గుడ్ల పులుసు అవుతుంది, పులుసు మరిగేలోపు పప్పు తాలింపు అవుతుంది, అందరూ తిని మెచ్చుకుని వెళ్ళిపోతారు. పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లో ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేని రోజు ఒక్కటి కూడా లేదు. గుమ్మం దాటి చెప్పులు వేసుకున్నాను.

“నాకు తెల్వదు” అన్నాను.